డ్రోన్లే యుద్ధం చేస్తుంటే ఇంక సైన్యానికి మనుషులెందుకు?

పలాస_కుర్రాడు:

అందరికీ నమస్కారం. కొన్నాళ్ళుగా బుర్రలో తిరుగుతున్న ప్రశ్న ఒకటి పెడుతున్నాను, తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

మాది శ్రీకాకుళం జిల్లా. మా ఊళ్ళో ఏ వీధిలో చూసినా ఒకరిద్దరు మిలటరీవాళ్ళు ఉంటారు. మా తమ్ముడికి పంతొమ్మిది నిండాయి. అగ్నివీర్ ర్యాలీ కోసం రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి పరుగుకు వెళ్తాడు. మొన్న రాత్రి అన్నం తింటూ ఫోన్లో ఒక వీడియో చూపించాడు. ఉక్రెయిన్‌లో ఎక్కడో చెట్ల వరుస, ఒక సైనికుడు, అతని వెనకాలే ఒక చిన్న డ్రోన్. అతను చెట్టు చుట్టూ తిరుగుతున్నాడు, అదీ తిరుగుతోంది. చివరిదాకా చూడలేకపోయాను. వంటగదిలోంచి అమ్మ ఏంట్రా అది అంటే ఏం లేదమ్మా అని ఫోన్ తిప్పేశాడు. తర్వాత మెల్లగా నన్ను అడిగాడు, "అన్నయ్యా, నేను పరిగెత్తడం నేర్చుకుంటున్నాను గానీ దాని ముందు ఎంత దూరం పరిగెడతాను?" అని. నా దగ్గర సమాధానం లేదు.

అందుకే అడుగుతున్నాను. ఒకవైపు దక్షిణ కొరియా, జపాన్, చైనా అన్నిచోట్లా పిల్లలు తగ్గిపోతున్నారు. ఇంకోవైపు డ్రోన్లు, రోబోలు వచ్చాయి. మనుషులు తగ్గినా యంత్రాలు ఆ లోటు పూడ్చేస్తాయా? అలాగైతే ఎక్కువ జనం ఉన్న దేశమే బలమైన దేశం అన్న పాత లెక్క పోయినట్టేనా? జనంలో మనమే ముందున్నాం కదా, అది మనకు బలమా, లేక ఉత్త అంకెనా?


డేజన్_నుంచి:

తమ్ముడూ, నేను దక్షిణ కొరియాలో ఆరేళ్ళుగా ఉంటున్నాను, రీసెర్చ్ పని. నువ్వడిగినదానికి ఈ దేశం కంటే మంచి ఉదాహరణ ఇంకోటి దొరకదు.

ముందు లెక్క చూడు. 2023లో ఇక్కడ ఒక్కో మహిళకు సగటు సంతానం 0.72. జనాభా తగ్గకుండా నిలబడాలంటే 2.1 ఉండాలి. ఆ ఏడాది మొత్తం పుట్టింది దాదాపు 2.3 లక్షల మంది పిల్లలు. 1970లో పది లక్షల దాకా పుట్టేవాళ్ళు. ఇప్పుడు ఆ 2.3 లక్షల్లో మగపిల్లలు సుమారు లక్షా పద్దెనిమిది వేలు అనుకుందాం. వాళ్ళకు ఇరవై ఏళ్ళు వచ్చేది 2043లో. ఇక్కడ ఆరోగ్యంగా ఉన్న ప్రతి మగవాడూ సైన్యంలో పనిచేసి తీరాలి, ఆర్మీలో అయితే 18 నెలలు. ఒక్కడికి కూడా మినహాయింపు ఇవ్వకుండా అందర్నీ తీసుకున్నా, ఏ రోజు చూసినా ఆ తరం నుంచి యూనిఫాంలో ఉండేది లక్షా డెబ్బై అయిదు వేలు, అంతే. సరిహద్దు అవతల ఉత్తర కొరియాకు పన్నెండు లక్షలకు పైగా సైన్యం ఉందని అంచనా.

ఇదంతా ఎప్పుడో రాబోయే సంగతి కాదు, ఇప్పటికే మొదలైంది. 2000ల మొదట్లో దాదాపు ఏడు లక్షలున్న సైన్యం 2025 జులై నాటికి 4.5 లక్షలకు దిగింది. 2006 నుంచి చూస్తే పదిహేడు డివిజన్లు, బ్రిగేడ్ల స్థాయి యూనిట్లు మూతపడ్డాయో పక్కదాంట్లో కలిసిపోయాయో అయ్యాయి. యుద్ధం ఓడిపోయి కాదు, కుర్రాళ్ళు లేక.

మా ల్యాబులో ఒకబ్బాయిని నోన్‌సాన్ ఆర్మీ ట్రైనింగ్ సెంటర్ దాకా కారులో దింపి వచ్చాం. నేనుండే డేజన్ నగరానికి దగ్గరే. ముందురోజు గుండు చేయించుకుని వచ్చాడు, మాటిమాటికీ తల తడుముకుంటున్నాడు. గేటు దగ్గర తల్లిదండ్రులు, స్నేహితురాళ్ళు, చేతుల్లో ఫోన్లు. నేను గమనించింది ఒకటే, దాదాపు ప్రతి కుర్రాడి వెనకా ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళున్నారు, చిన్నపిల్లలు మాత్రం ఎక్కడా కనబడలేదు. మన దగ్గర ఆర్మీకి వెళ్ళేవాణ్ణి దింపడానికి వెళ్తే వెనక తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ బాబాయి పిల్లలూ ఉంటారు కదా. అక్కడ చాలా ఇళ్ళకు ఆ ఒక్కడే.

ఇక యంత్రాలు లోటు పూడుస్తాయా అంటే, వీళ్ళు ఆ పనిలోనే ఉన్నారు. రెండు కొరియాల మధ్య 250 కిలోమీటర్ల సరిహద్దు. అక్కడ రాత్రంతా కంచె వెంబడి నడిచే కాపలా తగ్గించి కెమెరాలు, సెన్సర్లు బిగించారు. 2020 నవంబరులో ఏమైందంటే, ఉత్తరం నుంచి ఒకతను తూర్పు తీరం దగ్గర మూడు మీటర్ల కంచె ఎక్కి దూకి ఇవతలికి వచ్చేశాడు. అలారం మోగలేదు. తర్వాత చూస్తే సెన్సర్‌లో స్క్రూలు వదులైపోయి ఉన్నాయి. అతన్ని పట్టుకోవడానికి పద్నాలుగు గంటలు పట్టింది. అదే మనిషి 2022 జనవరి 1న అదే ప్రాంతంలో కంచె దాటి తిరిగి ఉత్తరానికి వెళ్ళిపోయాడు. ఈసారి కెమెరాలో పడ్డాడు, అలారం కూడా మోగింది. కానీ చూడాల్సిన మనిషి సరిగ్గా చూడలేదు, వెళ్ళి పరీక్షించినవాళ్ళు ఏమీ లేదని వెనక్కి వచ్చేశారు.

మొదటిసారి యంత్రం సరిగ్గా లేదు, రెండోసారి మనిషి సరిగ్గా లేడు. సెన్సర్ పెట్టిన రోజు నుంచి దాని స్క్రూలు బిగించడానికి ఒకడు కావాలి, తెర ముందు నిద్రపోకుండా కూర్చోవడానికి ఇంకొకడు కావాలి, మోగినప్పుడు పరిగెత్తడానికి నలుగురు కావాలి. మనుషుల సంఖ్య తగ్గే మాట నిజం, కానీ మిగిలినవాళ్ళు మునుపటికంటే బాగా చదువుకున్నవాళ్ళు, ఎక్కువకాలం ఉండేవాళ్ళు అయ్యుండాలి. పద్దెనిమిది నెలలకు ఇంటికెళ్ళే కుర్రాడితో అది కుదరడం లేదు, పర్మనెంట్‌గా చేరేవాళ్ళేమో దొరకడం లేదు. ఇక్కడి అసలు టెన్షన్ అదీ.


గోదావరి_గట్టు:

డేజన్ అన్న చెప్పింది బాగుంది గానీ నేను పూర్తిగా ఒప్పుకోను. కాలం మారిపోయింది. 2020లో అజర్‌బైజాన్ 44 రోజుల్లో ఆర్మేనియాను ఎలా ఓడించింది? టర్కీ బైరక్తార్ డ్రోన్లు, ఇజ్రాయెల్ హారోప్ ఆత్మాహుతి డ్రోన్లు. ట్యాంకులన్నీ పైనుంచి కొట్టుకుంటూ పోయారు. 2025 జూన్ 1న ఉక్రెయిన్ 117 చిన్న డ్రోన్లను లారీల్లో రష్యా లోపలికి తీసుకెళ్ళి, సైబీరియాలోని బెలాయా వైమానిక స్థావరం దాకా నాలుగు వేల కిలోమీటర్ల అవతల ఉన్న బాంబర్లను తగలబెట్టింది. అసలు నౌకాదళమే లేదనదగ్గ దేశం నల్ల సముద్రంలో రష్యా ఓడల్ని తూర్పుకు తరిమేసింది. ఇందులో లక్షల సైన్యం ఎక్కడుంది? తెలివి, డబ్బు, నెట్‌వర్క్ ఉంటే చాలు. జనం ఎక్కువుంటే తిండి పెట్టాలి, ఉద్యోగాలివ్వాలి, అది బరువే తప్ప బలం కాదు అని నా అభిప్రాయం.


మాజీ_హవల్దార్:

గోదావరి బాబూ, నువ్వు చెప్పిన మూడూ నిజమే, కానీ మూడూ సగం సగం చెప్పావు.

నేను 22 ఏళ్ళు ఇన్‌ఫాంట్రీలో చేశాను, అందులో రెండు టెన్యూర్లు ఎల్‌వోసీ మీద. ఆ అజర్‌బైజాన్ యుద్ధం మేం శ్రద్ధగా గమనించాం. డ్రోన్లు దారి చేసిన మాట వాస్తవం. కానీ యుద్ధం ముగిసింది షుషా పట్టణం పడిపోయాక. అది కొండ మీద ఉంటుంది, ఒకవైపు నిలువు బండ. అక్కడికి ట్యాంకు పోదు, నవంబరు పొగమంచులో డ్రోన్‌కూ సరిగ్గా కనబడదు. అజర్‌బైజాన్ కుర్రాళ్ళు తేలికపాటి ఆయుధాలతో అడవుల్లోంచి నడిచి, ఆ బండలెక్కి, వీధుల్లో ముఖాముఖి కొట్లాడి పట్టుకున్నారు. అది పడిన రెండు రోజులకు ఆర్మేనియా సంతకం పెట్టింది. ఇంకోటి, అజర్‌బైజాన్ జనాభా కోటి, ఆర్మేనియా ముప్ఫై లక్షలు. జనం లెక్క అక్కడా పనిచేసింది.

ఉక్రెయిన్ సంగతి చూడు. 1990లో ఆ దేశంలో ఆరున్నర లక్షల మంది పిల్లలు పుట్టారు. సోవియట్ కూలిపోయి, జీతాలు లేక, రేపేమిటో తెలియని రోజులొచ్చి 2001కి వచ్చేసరికి ఆ సంఖ్య 3.76 లక్షలకు పడిపోయింది. ఇప్పుడు తుపాకీ పట్టాల్సింది ఆ పుట్టని పిల్లలే. అందుకే వాళ్ళు యుద్ధం మొదలైన రెండేళ్ళ దాకా 27 ఏళ్ళ లోపువాళ్ళను బలవంతంగా పిలవలేదు. 2024 ఏప్రిల్‌లో ఆ వయసు 25కి దించారు. 18కి దించమని అమెరికా నుంచి ఒత్తిడి వచ్చినా దించలేదు. ఎందుకు? ఉన్న ఆ కొద్దిమంది కుర్రాళ్ళూ పోతే రేపు పెళ్ళిళ్ళు చేసుకునేదెవరు, పిల్లల్ని కనేదెవరు? యుద్ధం గెలిచినా దేశం మిగలాలి కదా. నలభై దాటిన మనిషి కందకంలో కూర్చోవడం ఎందుకు చూస్తున్నామంటే ఇదే కారణం.

ఒక డ్రోన్ వెనక ఎంతమంది ఉంటారో తెలుసా? కళ్ళజోడు పెట్టుకుని నడిపేవాడు ఒకడు, మ్యాపు చూస్తూ దారి చెప్పేవాడు ఒకడు, మందుగుండు కట్టేవాడు ఒకడు, బండి నడుపుతూ బ్యాటరీలు, జనరేటర్ చూసుకునేవాడు ఇంకొకడు. వీళ్ళు దాక్కునే గుంత తవ్వాలి. వాళ్ళ ముందు శత్రువు రాకుండా ఆపడానికి పదాతి దళం ఉండాలి. వరుసలో మనుషులు పలచబడితే ఇద్దరు ముగ్గురు చొప్పున శత్రువులు సందుల్లోంచి దూరి నేరుగా డ్రోన్ నడిపేవాడి గుంత దగ్గరికే వస్తున్నారు. ఇది అక్కడ జరుగుతోంది.

కొత్తగా వచ్చిన మార్పు ఏమిటంటే, ముందు వరుస నుంచి పది, ఇరవై కిలోమీటర్ల లోతు దాకా పగలు ఎవరూ కదల్లేరు. మా రోజుల్లో పోస్ట్‌కి రాత్రి రేషన్ మోసుకుపోయేవాళ్ళం, గాయపడ్డవాణ్ణి భుజాన వేసుకుని దింపేవాళ్ళం. ఇప్పుడు అక్కడ స్ట్రెచర్ మోసే నలుగురు కనబడితే డ్రోన్ వాళ్ళనే కొడుతుంది. అందుకని చక్రాల మీద నడిచే రోబో బండ్లతో నీళ్ళు, తూటాలు పంపుతున్నారు, గాయపడినవాళ్ళను వాటి మీదే వెనక్కి లాగుతున్నారు. ఆ గుంతలో ఒక్కొక్కడు నెలల తరబడి ఉంటున్నాడు, మార్చడానికి మనిషి లేక. నేను గట్టిగా మూడు నెలలు మంచులో ఉన్నవాణ్ణి, నాకు తెలుసు ఆ నెలలు ఎంత పొడుగ్గా ఉంటాయో. చేతిలో తుపాకీ ఉన్నా బయటికి తల పెట్టలేని స్థితి మాత్రం నేను చూడలేదు.

పలాస బాబూ, నీ తమ్ముడి ప్రశ్నకు నా జవాబు: దాని ముందు పరిగెత్తి ఎవడూ గెలవడు. కానీ పరుగు నేర్పేది కాళ్ళకు మాత్రమే కాదు. ఆ గుంతలో మూడో నెల కూడా తల చెడకుండా ఉండగలిగే ఓర్పు పొద్దున్నే లేచి పరిగెత్తినవాడికే వస్తుంది. మానొద్దను.


సోల్డరింగ్_వాలా:

హైదరాబాద్‌లో డ్రోన్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. హవల్దార్ గారు చెప్పినదానికి వర్క్‌షాపు వైపు నుంచి కొంత కలుపుతాను.

మీరు వీడియోల్లో చూసే ఎఫ్‌పీవీ డ్రోన్, అంటే దాని కెమెరా చూపేది కళ్ళజోడులో చూస్తూ నడిపేది, బల్ల మీద పెడితే ఏముంటుంది? కార్బన్ ఫైబర్ ఫ్రేము, నాలుగు మోటార్లు, వాటి వేగం చూసే బోర్డు, ఫ్లైట్ కంట్రోలర్, కెమెరా, వీడియో ట్రాన్స్‌మిటర్, రిసీవర్, బ్యాటరీ. చెయ్యి తిరిగినవాడు గంటా రెండు గంటల్లో టంకం పెట్టి లేపేస్తాడు. ధర నలభై వేల రూపాయల చుట్టుపక్కల. దాంతో కోట్ల ఖరీదు చేసే ట్యాంకు పోతోంది. ఉక్రెయిన్ 2024 ఒక్క ఏడాదిలోనే పది లక్షలకు పైగా డ్రోన్లు తయారుచేసింది. రేడియో సిగ్నల్ జామ్ చేస్తున్నారని ఇప్పుడు సన్నని ఆప్టికల్ ఫైబర్ చుట్టిన డబ్బా కట్టి పంపుతున్నారు, డ్రోన్ ఎగురుతుంటే వెనక తీగ ఊడి వస్తూ ఉంటుంది, దాన్ని జామ్ చేయలేరు. అక్కడి పొలాల మీద ఎండలో మెరుస్తూ సాలెగూళ్ళలా పరుచుకున్న ఆ తీగల ఫోటోలు చూశాను. మళ్ళీ ఆ పొలం దున్నేదెప్పుడో రైతు.

ఇక్కడ అసలు ప్రశ్న, ఆ మోటారులో అయస్కాంతం ఎక్కడిది? నియోడిమియం మాగ్నెట్లలో ప్రపంచానికి సుమారు తొంభై శాతం చైనా నుంచే. 2025 ఏప్రిల్‌లో చైనా ఇలాంటి అయస్కాంతాలకు వాడే కొన్ని రేర్ ఎర్త్ లోహాల మీద ఎగుమతి ఆంక్షలు పెడితే మన కార్ల కంపెనీలే నెలరోజుల్లో గగ్గోలు పెట్టాయి. యుద్ధంలో అటు రష్యా డ్రోన్ విప్పినా, ఇటు ఉక్రెయిన్ డ్రోన్ విప్పినా లోపల చైనా భాగాలు కనిపిస్తాయి. మన ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతి ఆపేసింది, సైన్యానికి ఇచ్చేవాటిలో చైనా భాగాలు ఉండకూడదనే నిబంధన ఉంది. అది సరైన నిర్ణయమే, కానీ పాటించడం ఎంత కష్టమో రోజూ చూస్తున్నాను. ఒక చిన్న మోటారు ఇక్కడే చుట్టి, బ్యాలెన్స్ చేసి, వంద గంటలు తిప్పి పాస్ చేయించడానికి మాకు ఏడాది పైన పట్టింది. అందులోని అయస్కాంతం మాత్రం ఇంకా బయటిదే.

అందుకే చైనాలో జనం తగ్గుతున్నారు కాబట్టి చైనా పని అయిపోయింది అనేవాళ్ళ మాట నేను నమ్మను. 2022 నుంచి అక్కడ జనాభా తగ్గుతోంది, నిజమే. 2016లో కోటీ ఎనభై లక్షల చిల్లర పుట్టినచోట 2023లో తొంభై లక్షలు పుట్టారు. ఏడేళ్ళలో సగం. కానీ ప్రపంచంలో ఏటా కొత్తగా ఫ్యాక్టరీల్లో బిగించే రోబోల్లో సగానికి పైగా వాళ్ళే బిగించుకుంటున్నారు. ఇరవై లక్షల సైన్యానికి కుర్రాళ్ళు దొరకని రోజు వాళ్ళకు ఇప్పట్లో రాదు. వాళ్ళ ఇబ్బంది వేరేచోట ఉంటుంది. ముసలివాళ్ళ పెన్షన్లు, ఆసుపత్రుల ఖర్చు ఒకపక్క, ఓడలూ క్షిపణుల ఖర్చు ఒకపక్క. పైగా మూడున్నర దశాబ్దాలు ఒకే బిడ్డ అన్నారు కాబట్టి, వాళ్ళ సైన్యంలో ఎంతోమంది ఇంటికి ఏకైక సంతానం. ఒక యుద్ధంలో అలాంటి వేలమంది పోతే ఆ తల్లిదండ్రులకు ఏ ప్రభుత్వం ఏం చెబుతుంది?

జపాన్ వాళ్ళది ఇంకో దారి. 2023 ఆర్థిక సంవత్సరంలో సైన్యానికి కావలసినవాళ్ళలో సగం మందే చేరారు. దాంతో కొత్త మొగామి తరగతి యుద్ధనౌకలను తొంభై మందితో నడిచేలా కట్టారు, అంతకుముందు ఆ పనికి దాదాపు రెండువందల మంది ఉండేవాళ్ళు. బాగానే ఉంది. కానీ ఓడకు దెబ్బ తగిలి మంటలొస్తే ఆర్పడానికి ఉన్నది ఆ తొంభై మందే.


పలాస_కుర్రాడు:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. హవల్దార్ గారూ, మీ పోస్టు తమ్ముడికి చదివి వినిపించాను సర్.

ఇంకొక్కటి. కుర్రాళ్ళు లేని దేశాలు యంత్రాలు కొంటున్నాయి, సరే. మరి యంత్రాలు కూడా చాలకపోతే ఏం చేస్తాయి? మన తెలంగాణ కుర్రాళ్ళను రష్యా తీసుకెళ్ళారని వార్తలొచ్చాయి కదా, అది కూడా ఈ కథలో భాగమేనా?


పాలమూరు_ఉష:

తమ్ముడూ, ఈ ప్రశ్న అడిగినందుకు చాలా సంతోషం, ఎందుకంటే పైన ఇంతమంది ఇన్ని రాసినా ఎవరూ దీని దాకా రాలేదు. మా అత్తగారిది నారాయణపేట జిల్లా. అక్కడి అబ్బాయి ఒకతను ఆ యుద్ధంలో ఇరుక్కుని 2024 సెప్టెంబరులో ప్రాణాలతో తిరిగొచ్చాడు. హైదరాబాద్ అతను ఒకరు మాత్రం అదే ఏడాది మార్చిలో చనిపోయారు, ఇంటిదగ్గర చిన్నపిల్లలు. సైన్యంలో హెల్పర్ పని, సెక్యూరిటీ పని, మంచి జీతం అని ఏజెంట్లు తీసుకెళ్ళి, చదవలేని రష్యన్ కాగితం మీద సంతకం పెట్టించి, కొద్దిరోజుల ట్రైనింగ్ ఇచ్చి ముందు వరుసకు పంపేశారు. సీబీఐ కేసు పెట్టింది. 2025 జనవరిలో మన విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారం అప్పటికి అలా చేరిన భారతీయులు 126 మంది, చనిపోయినవాళ్ళు 12, జాడ తెలియనివాళ్ళు 16.

నేపాల్ నుంచి వందలమంది వెళ్ళారు. వాళ్ళ ప్రభుత్వం 2024 జనవరిలో రష్యాకు, ఉక్రెయిన్‌కు పనికి వెళ్ళడానికి పర్మిట్లే ఆపేసింది. క్యూబా నుంచి, ఆఫ్రికా దేశాల నుంచి కూడా తీసుకున్నారు. ఉత్తర కొరియా అయితే 2024లో ఏకంగా పది వేలకు పైగా సైనికులను రష్యాలోని కూర్స్క్‌కు పంపింది. కొరియా అన్నా, మీకు ఆశ్చర్యంగా లేదూ? దక్షిణంలో కుర్రాళ్ళు దొరక్క యూనిట్లు మూస్తుంటే ఉత్తరం కుర్రాళ్ళను ఎగుమతి చేస్తోంది, బదులుగా టెక్నాలజీ, చమురు, డ్రోన్ యుద్ధ అనుభవం తెచ్చుకుంటోంది.

గోదావరి గారు జనం బరువు అన్నారు. కాదండీ, జనం ఒక సరుకైపోతోంది, నాకు భయం అదీ. కుర్రాళ్ళు తక్కువైన దేశానికి డబ్బుంటుంది, కుర్రాళ్ళు ఎక్కువైన దేశంలో ఉద్యోగం ఉండదు. మధ్యలో ఒక ఏజెంట్ వస్తాడు. ఇది కొత్తది కూడా కాదు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అని ఊరుంది, మిలటరీ మాధవరం అంటారు, రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరినుంచి జనం వెళ్ళారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ కోసం మన దేశం నుంచి విదేశాలకు వెళ్ళినవాళ్ళు పది లక్షల పైమాటే, రెండో యుద్ధంలో మన సైన్యం ఇరవై అయిదు లక్షలకు చేరింది. చిన్న ద్వీపం అంత పెద్ద సామ్రాజ్యాన్ని నడిపింది తన ఓడలతోనూ తుపాకులతోనే కాదు, మన ఇళ్ళలోని కొడుకులతో కూడా. అప్పుడు ఆ లక్షల మందిని ఏ యుద్ధానికి పంపాలో నిర్ణయించింది మనం కాదు. ఇప్పుడు కూడా ఎక్కువ జనం ఉన్నామని మురిసిపోయే ముందు, ఆ కుర్రాళ్ళకు ఇక్కడ పని ఉందా అన్నది చూడాలి. నారాయణపేట కుర్రాడికి ఇంటి దగ్గర నెలకు ఒక ఇరవై, పాతిక వేలు వచ్చే పని ఉండుంటే ఆ విమానం ఎక్కేవాడా?


గోదావరి_గట్టు:

ఉష గారూ, బరువు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ వైపు నుంచి నేను ఆలోచించలేదు.


లెక్కల_మాస్టారు:

సైన్యం గురించి చాలా వచ్చింది, రాజకీయ బలం గురించి ఒక్క మాట. జనం లెక్క దేశాల మధ్యే కాదు, దేశం లోపల కూడా అధికారాన్ని కదుపుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8, బీహార్‌లో 3.0. మన లోక్‌సభ సీట్లు రాష్ట్రాలకు ఇప్పటిదాకా పంచింది 1971 జనాభా లెక్కల ప్రకారమే, ఆంధ్రకు 25, తెలంగాణకు 17. జనాభా అదుపు చేసుకున్న రాష్ట్రాలకు నష్టం రాకూడదనే 1976లో రాజ్యాంగ సవరణ చేసి ఆపారు, 2001లో మరోసారి పొడిగించారు, 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా. కొత్త జనగణన ప్రకారం నేరుగా పంచితే మన గొంతు పలచబడుతుంది. ఆంధ్రలో ఇద్దరు పిల్లల నిబంధనను స్థానిక ఎన్నికలకు 2024లో ఎత్తేసింది, ముఖ్యమంత్రే పిల్లల్ని ఎక్కువగా కనమని చెప్పింది ఈ టెన్షన్‌తోనే. నేను బడిలో ముప్ఫై ఏళ్ళు "చిన్న కుటుంబం చింతలేని కుటుంబం" అని గోడ మీద రాయించినవాణ్ణి. ఆ మాట విని నడుచుకున్నవాళ్ళకే ఇప్పుడు సీట్లు తగ్గితే అది అన్యాయం. ఈ విషయం మీద విడిగా ఒక చర్చ పెడితే బాగుంటుంది.


డేజన్_నుంచి:

ఉష గారూ, ఆశ్చర్యం కాదు, ఇక్కడ అందరికీ అదే భయం. ఉత్తరం కుర్రాళ్ళు మొదట్లో డ్రోన్లంటే ఏమిటో తెలియక మైదానంలో గుంపుగా నడిచి చచ్చిపోయారు. బతికినవాళ్ళు నేర్చుకుని తిరిగి వస్తున్నారు. ఇక్కడివాళ్ళకు ఆ అనుభవం లేదు. 2022 డిసెంబరులో ఉత్తరం నుంచి అయిదు చిన్న డ్రోన్లు వచ్చి, ఒకటి సియోల్ దాకా వెళ్ళి తిరిగిపోయింది. వంద రౌండ్లు కాల్చినా ఒక్కటీ పడలేదు. అంత గొప్ప ఫోన్లు, చిప్పులు తయారుచేసే దేశం ఇది.


పలాస_కుర్రాడు:

హవల్దార్ గారూ, ఆఖరి ప్రశ్న. తమ్ముడు ఐటీఐ ఎలక్ట్రానిక్స్ రెండో ఏడాది. అది పూర్తిచేసి ర్యాలీకి వెళ్ళమంటారా, ఇప్పుడే వెళ్ళమంటారా? నాలుగేళ్ళ తర్వాత ఉంచేది వందకు పాతికమందినే కదా, ఆ భయం అమ్మకు ఎక్కువగా ఉంది.


మాజీ_హవల్దార్:

పూర్తిచేయించు బాబూ, తొందరపడొద్దు. వయసు ఇంకా ఉంది కదా. టెక్నికల్ కేటగిరీకి ఐటీఐ ఉన్నవాడికి బోనస్ మార్కులున్నాయి. మా రోజుల్లో రేడియో సెట్ మరమ్మతు వచ్చినవాడు పల్టన్‌లో ఒక్కో కంపెనీకి ఒకడుంటే గొప్ప, ఇప్పుడు ప్రతి పల్టన్‌కీ అలాంటివాళ్ళు పదిమంది కావాలి. నాలుగేళ్ళ తర్వాత బయటికొచ్చినా చేతిలో పని ఉంటుంది. సోల్డరింగ్ బాబు లాంటివాళ్ళకు కూడా మనుషులు కావాలి కదా, అడుగు.


సోల్డరింగ్_వాలా:

కావాలి సర్, తప్పకుండా. పలాస తమ్ముడూ, మీ వాడికి సెలవులు ఎప్పుడో మెసేజ్ పెట్టు. ఒక నెల వచ్చి బల్ల దగ్గర కూర్చుంటే బోర్డు టంకం పెట్టడం, మోటార్ బ్యాలెన్సింగ్ నేర్పిస్తాను. ఉండటానికి మా రూమ్‌లో చోటుంది.